రెక్క తెరచాపలు

నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగినవాడికి తెరచాపలతో పనేమిటని మా ఇంట్లోనే అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. మాకు సముద్రం లేదు. మా వైపు గాలికి ఉన్న పనల్లా కళ్లంలో తూర్పారబట్టడమే. ఎత్తుపీట మీద ఒకరు నిలబడి చేటతో జొన్నలు వదులుతుంటే పొల్లు పక్కకు ఎగిరిపోయేది. గాలి పడిపోయిందంటే అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. మరీ తొందరున్నవాళ్లు ఇద్దరు మనుషుల్ని పెట్టి చేటలతో విసిరించేవారు. ఉన్న గాలి చాలనప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది నాకు చిన్నప్పటినుంచీ ఆసక్తిగానే ఉండేది.

సముద్రం మీద అదే కష్టం వచ్చినప్పుడు పాతకాలపు యుద్ధనౌకలవాళ్లు ఏం చేసేవారో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పాను. ఓడల కథలు చదివేటప్పుడు ‘స్టడింగ్ సెయిల్’ అనే మాట అడపాదడపా తగిలేది. నిఘంటువులో చూస్తే ‘అదనపు తెరచాప’ అని ఒక్క ముక్క ఉండేది. అదనం సరే, ఎక్కడ కడతారు, దేనికి కడతారు? రిటైరయ్యాక తీరిక దొరికి ఆ మాట వెంటపడ్డాను. నావికులు దాన్ని నోరు తిరగక ‘స్టన్సల్’ అనేసేవారట. నేను మాత్రం రెక్క తెరచాప అని పేరు పెట్టుకున్నాను. బొమ్మ చూస్తే మీరూ అదే పేరు పెడతారు.

పాత యుద్ధనౌకకు మూడు పెద్ద కొయ్యలు. ఒక్కో కొయ్యకు అడ్డంగా, ఒకదానిపైన ఒకటిగా దూలాలు. ఆ దూలాల నుంచి వేలాడే నలుపలకల తెరచాపలు. ఇంతవరకూ మనం సినిమాల్లో చూసిందే. అసలు సంగతి దూలం చివర్లలో ఉంది. అక్కడ ఇనుప కడియాలుంటాయి. వాటిలో సన్నని పొడుగాటి కర్ర ఒకటి దూలానికి ఆనుకుని పడుకుని ఉంటుంది. గాలి మందగించినప్పుడు తాడు లాగితే, పాత రేడియో ఏరియల్ లాగినట్టు, ఆ కర్ర దూలం దాటి బయటికి జారుతుంది. దాని కొసకు ఇంకో తెరచాప ఎక్కిస్తారు. కింది వరసకైతే ఓడ పక్కన తలుపులా తిరిగే కర్ర వేరే ఉంటుంది. రెండు పక్కలా ఇలా విప్పేసరికి ఓడ రెక్కలు చాచిన కొంగలా అయిపోతుంది. ఈ అదనపు గుడ్డ అసలు తెరచాపల కన్నా పలచన. వీచేదే చిరుగాలి, దానికి మందపాటి గుడ్డ ఎందుకు?

ఇందులో షరతులు చాలా ఉన్నాయి. గాలి వెనకనుంచి గానీ, వెనక పక్కనుంచి గానీ రావాలి. ఎదురుగాలికి ఇవి పనికిరావు. సరిగ్గా వెనకనుంచి వస్తే రెండు పక్కలా కట్టొచ్చు. ఏటవాలుగా వస్తుంటే గాలి వచ్చే పక్కనే కడతారు. గాలి కాస్త బలపడితే చాలు, ఆ సన్నకర్రలు పుటుక్కున విరుగుతాయి. విరిగిన కర్ర, చిరిగిన గుడ్డ, తెగిన తాళ్లు అన్నీ కలిసి అసలు తెరచాపలకే చుట్టుకుంటాయి. అందుకని గాలి పెరగకముందే దించేయాలి. పెరిగాక దించుదామంటే కుదరదు.

పైగా మనుషులు కావాలి. ఒక్కో రెక్కకు పైకెత్తే తాడు, కొసకు లాగే తాడు, వెనక్కి బిగించే తాడు. ఒక్కో తాడుకు కొందరు. దూలం మీదికెక్కి కర్రను తోసేవాళ్లు వేరే. యుద్ధనౌకకు ఈ కొరత లేదు. ఫిరంగులు పేల్చడానికని వందలమందిని ఎక్కించుకునేవారు కదా, పోరు లేని రోజుల్లో ఆ చేతులన్నీ తాళ్ల మీదే. అంతే పెద్ద సరుకుల ఓడలో అందులో చిన్న వంతు మంది కూడా ఉండేవారు కాదు. జీతాలిచ్చే షావుకారు లెక్క వేరు.

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ‘విక్టరీ’ అనే ఓడను ఇప్పటికీ భద్రంగా ఉంచారు. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ పోరులో నెల్సన్ ఎక్కిన ఓడ అదే. దానికి మొత్తం 37 తెరచాపలు. అన్నీ పరిస్తే సుమారు 6,500 చదరపు గజాలు. మన లెక్కలో చెప్పాలంటే ఎకరం పద్నాలుగు గుంటలు. ఈ లెక్క కట్టిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఎకరం పద్నాలుగు గుంటల గుడ్డను చేత్తో కుట్టి, చేత్తో ఎత్తి, చేత్తో దించారు!

ఆ రోజు ట్రఫాల్గర్ దగ్గర గాలి లేనట్టే ఉంది. తెల్లవారేసరికి శత్రువుల ఓడలు కనిపించాయి. అటు ఫ్రెంచి, స్పెయిన్ ఓడలు 33, ఇటు ఇంగ్లిష్‌వి 27. కనిపించాయే గానీ చేరుకోవడానికి దాదాపు మధ్యాహ్నమైంది. రెండు పక్కలా రెక్కలు విప్పి కూడా ఓడ గంటకు మూడు మైళ్లు నడవడం గగనమైపోయింది. ఎద్దులబండి నయం. యుద్ధమంటే ఉరుకులు పరుగులని అనుకుంటాం. ఇక్కడ ఎనిమిది వందల మందికి పైగా మనుషులు చావు వైపు ఎద్దులబండి నడకన ఆరు గంటలు ప్రయాణం చేశారు. చివరి మైలులో ఎదుటివాళ్ల గుండ్లు వచ్చి పడుతుంటే తిరిగి పేల్చడానికి వీల్లేదు. ఓడ ముక్కు అటువైపు ఉంటుంది, ఫిరంగులు పక్కలకు ఉంటాయి. ఆ కాసేపట్లోనే రెక్కల కర్రలన్నీ రెండు పక్కలా దూలాల అంచుల దాకా తెగిపోయాయి. ముందు కొయ్య మీది తెరచాప ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. అదొక్కటే మూడు గుంటల పైన ఉంటుంది. దానికి దాదాపు తొంభై చిల్లులు.

ఇవి విప్పడంలో కన్నా దించడంలో పనితనం ఎక్కువని చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ ఇంకోటుంది. 1812 జూలైలో అమెరికా తీరంలో ‘కాన్‌స్టిట్యూషన్’ అనే ఓడను బ్రిటిష్ ఓడలు ఐదు వెంటాడాయి. రెండు రోజులకు పైనే సాగిందా వేట. గాలి లేదు. అమెరికావాళ్లు పడవలు దించి తెడ్లు వేసి ఓడను లాగారు. లంగరును పడవలో ముందుకు తీసుకెళ్లి నీళ్లలో వేసి, దాని తాడు పట్టుకుని ఓడను ముందుకు గుంజారు. నేత బిగుసుకుని గాలి జారిపోకుండా ఉంటుందని బకెట్లతో నీళ్లు పైకి చేది తెరచాపలు తడిపారు. మన చేనేతవాళ్లకు ఈ కిటుకు చెప్పక్కర్లేదనుకుంటాను.

సాయంత్రం పూట దూరంగా వాన మబ్బు కమ్ముకొచ్చింది. కెప్టెన్ ఐజాక్ హల్ చివరి నిమిషం దాకా ఒక్క తెరచాపా ముట్టుకోనివ్వలేదు. మబ్బు మీద పడే క్షణంలో గబగబా పలచని తెరచాపలన్నీ దించేయించాడు, పెద్ద తుపానే వస్తున్నట్టు. వెనకవాళ్లు అది చూసి తమవీ దించేశారు. వాన తెర అడ్డుపడగానే హల్ మళ్లీ అన్నీ ఎత్తించాడు. వాన వెలిసేసరికి మధ్య దూరం బాగా పెరిగింది. మర్నాడు పొద్దున వాళ్లు వేట మానుకున్నారు. నాలుగు వందల పైచిలుకు మనుషులు ఒకే మాట మీద దించి, ఒకే మాట మీద ఎత్తితేనే అది సాధ్యమైంది. సగంమందే ఉంటే హల్ తెలివి ఎందుకూ కొరగాదు.

ఇవన్నీ ఎక్కడివో దూరపు కథలు, మన తీరానికి అలాంటి ఓడలు రాలేదా అంటే, వచ్చాయి. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందర పోరే జరిగింది. ఇప్పుడున్న హార్బరు 1933లో మొదలైంది. అంతకుముందు ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడేవి. బ్రిటిష్ యుద్ధనౌక ‘సెంచూరియన్’ రెండు కంపెనీ ఓడలకు కాపలాగా అక్కడ ఆగి ఉంది. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఊళ్లోకి వెళ్లాడు. ఇంతలో ఫ్రెంచి సేనాని లినోయిస్ మూడు యుద్ధనౌకలతో దిగాడు. కంపెనీ ఓడల్లో ‘బార్నబీ’ ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. ‘ప్రిన్సెస్ షార్లెట్’ లొంగిపోయింది. సెంచూరియన్ లంగరు తాడు తెంచుకుని లోతు తక్కువ చోటికి జరిగింది. పెద్ద ఫ్రెంచి ఓడ అక్కడికి రాలేకపోయింది. లిండ్ పోరు మధ్యలోనే పడవెక్కి తన ఓడ చేరుకున్నాడు. ఎంత పెద్ద ఓడకైనా లంగరు మీద నిలబడ్డప్పుడు ఎన్ని రెక్కలున్నా వాటితో పనేమీ ఉండదు. ఆ రోజు దాన్ని కాపాడింది మన తీరపు ఇసుకే.

ఆ విశాఖ తీరం నల్లగొండ జిల్లాలోకే వచ్చి కూర్చుందంటే చాలామంది నమ్మరు. నాగార్జునసాగర్ కట్టక ముందు కృష్ణలో మా వైపు తిరిగినవి పుట్టులే. సోమశిల రేవులోనూ అవే. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి బుట్ట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెరచాప కడితే బొంగరంలా తిరుగుతుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. దేవరకొండ వైపు గుట్టల మధ్య నీళ్లు నిలిచి సముద్రంలా పరుచుకున్నాక, చేపల వేట కోసం విశాఖ వైపు నుంచి కుటుంబాలు వచ్చి నీళ్ల అంచున గుడిసెలు వేసుకున్నాయి. ఆ ఊరి పేరే వైజాగ్ కాలనీ. నేరేడుగొమ్ము మండలంలో ఉంది. ఇప్పుడు సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కార్లు వరసకడతాయి. చేపల పులుసు తిని, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ పడవల సంగతి అడిగేవాళ్లు తక్కువ.

నేను 2011 ఎండాకాలంలో మా కాలేజీవాళ్లతో వెళ్లాను. మమ్మల్ని అవతలి గుట్ట దాకా తీసుకెళ్లిన పెద్దాయన పడవకు ఎరువుల బస్తాలు విప్పి కుట్టిన తెరచాప ఉంది. తిరిగొచ్చేటప్పుడు పొద్దు వాలుతోంది. గాలి వెనకనుంచే వస్తోంది కానీ ఊపు లేదు. ఆయన ఏమీ మాట్లాడకుండా, కింద పరిచిన పాత దుప్పటి తీసి ఒక అంచు కొయ్యకు కట్టాడు. ఇంకో అంచు తెడ్డు కొసకు ముడేసి, ఆ తెడ్డును పడవ అంచు మీదుగా పక్కకు చాపి కాలితో తొక్కిపట్టాడు. దుప్పటి బుస్సుమని పొంగింది. ముక్కు కింద నీళ్ల చప్పుడు మారింది. అప్పటికి పుస్తకాల్లో పదిసార్లు చదివినా బుర్రకెక్కని రెక్క తెరచాప నా మోకాలి పక్కన రెపరెపలాడుతోంది.

ఆ పెద్దాయనకు ట్రఫాల్గరూ తెలియదు, స్టన్సలూ తెలియదు. “దీనికి పేరేమైనా ఉందా?” అని అడిగితే నవ్వాడు. “దుప్పటికి పేరేటి మేస్టారూ!” అన్నాడు.

ఇంకా బోలెడు దూరం ఉండగానే దుప్పటి విప్పేశాడు. గాలి అలాగే ఉంది, మాకేమో ఇంటికి చేరాలని ఆత్రం. ఎందుకు తీశావంటే రెండు గుట్టల మధ్య సందు చూపించాడు. “అక్కడ గాలి అడ్డంగా కొడతాది. ఎయ్యడానికేటుంది, ఎవుడైనా ఏత్తాడు. ఆ సందు రాకముందే తీసీవాల. గాలొచ్చాక తీద్దారంటే అది తియ్యనిత్తాదేటి?” సందు దగ్గరికొచ్చేసరికి పడవ ఒక పక్కకు ఒరిగి మా ఒళ్లో నీళ్లు పడ్డాయి. దుప్పటి ఉండి ఉంటే ఏమయ్యేదో మా కెమిస్ట్రీ మేడం దారంతా ఊహించుకుంటూనే ఉన్నారు.

ఆయన మాట నాకు అంతగా పట్టుకోవడానికి మా చిన్నాయనే కారణం.

చిన్నాయనకు అయిదెకరాల చెలక ఉండేది. 1990ల్లో మా జిల్లాకు బత్తాయి గాలి వీచింది. ఆయన వేసిన మొదటి బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి. రెండెకరాల్లో బత్తాయి పెట్టాడు. నాలుగేళ్లు కళ్లల్లో వత్తులేసుకుని పెంచాడు. తొలి కాపుకే లారీ వచ్చి చెలకలో ఆగింది. ఆ వెనకగాలి చూసి మిగిలిన చెలకలోనూ మొక్కలు పెట్టాడు. దానికి ఇంకో బోరు, ఆ బోరుకు అప్పు. అప్పటికి అందరూ మెచ్చుకున్నవాళ్లే.

2002లో వానలు మొహం చాటేశాయి. మొదటి బోరు మే నెలలో గాలి కక్కింది. చెట్లు కళ్లముందే వాడిపోతుంటే మూడో బోరు, నాలుగో బోరు, అయిదో బోరు. అన్నిట్లోంచీ దుమ్మే. ఆఖరికి బత్తాయి చెట్లు పొయ్యిల కట్టెలయ్యాయి. అప్పు కింద చెలక చాలా భాగం పోయింది. కొడుకులిద్దరూ హైదరాబాదు బాట పట్టారు.

అత్యాశకు పోయాడని ఊళ్లో అన్నవాళ్లున్నారు. నేననను. పడవలో దుప్పటిని ముడి విప్పి దించొచ్చు. కాపుకొచ్చిన బత్తాయి చెట్టును గాలి మారిందని మడిచి పక్కన పెట్టలేం. దానికి ఆ వేసవిలోనే, ఆ వారమే నీళ్లు కావాలి. పైగా ఓడలో దించడానికి వందల చేతులు. ఇక్కడ ఉన్నవి చిన్నాయనవి రెండు, చిన్నమ్మవి రెండు. రైతును ఓడతో పోల్చేవాళ్లు ఈ తేడా చూడాలి. నేనూ పోల్చేవాణ్ణే కాబట్టి ముందు నాకు నేనే చెప్పుకుంటున్నాను.

చేతుల లెక్కే చివరికి సముద్రం మీదా తేల్చింది. ఆవిరి యంత్రాలొచ్చి యుద్ధనౌకలకు గాలితో పని తగ్గింది. సరుకుల ఓడలు ఇంకొన్నాళ్లు తెరచాపలతోనే తిరిగాయి గానీ, ఖర్చు తగ్గించుకోవడానికి మనుషుల్ని తగ్గించాయి. 1869లో నీళ్లలోకి దిగిన ‘కటీ సార్క్’ తేయాకు ఓడల్లో పేరుమోసింది. తర్వాత పదేళ్లకే దాని కొయ్యలు కురచ చేసి, ఈ రెక్కలు తీసేశారు. గాలి ఎప్పటిలాగే వీస్తోంది. తాళ్లు పట్టుకునేవాళ్లే లేరు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చిన్నాయనతో ఈ కబుర్లన్నీ చెప్పాను. ఎనభై దగ్గర పడ్డాడు. మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తూ విన్నాడు. విక్టరీ తెరచాపల లెక్క చెప్పగానే చుట్ట నోట్లోంచి తీశాడు.

“ఎకరం పద్నాలుగు గుంటలా? నాకు మిగిలిన చెలకంత గుడ్డ గట్టిండ్రా!”

ఆయనకు మిగిలింది ఎకరం పన్నెండు గుంటలు. నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనే ఎత్తాడు, నవ్వుతూనే.

“మరి గా రెక్కలు ఇరిగినంక ఓడ ఆగిపోయిందా?”

“ఆగలే చిన్నాయనా. తెరచాపలన్నీ చిరిగినయ్. చుక్కాని తిప్పే చక్రం గుండు తగిలి పగిలిపోయింది. నలభైమంది అడుగు అంతస్తులకు పోయి, చుక్కాని పిడిని చేతులతోని పట్టి తిప్పిండ్రు.”

“నలభైమందా?”

“నలభైమంది.”

కాసేపు ఏమీ అనలేదు. చుట్ట ఆరిపోయింది. చెలక వైపు నుంచి నీళ్లు పొంగి పారుతున్న చప్పుడు వినపడింది. ఆ ఎకరంలో ఇప్పుడు కూరగాయలే, ఒక్క బోరే, గంటకోసారి నిండే చిన్న తొట్టి.

“తొట్టి నిండినట్టుంది. మోటరు బంద్ జేసొస్త” అని లేచి, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లాడు.